డీలరు తరఫున ఒక ఉంగరం

ఆ పొద్దున గ్లెండా రోజాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పన్నెండు దాకా నోరు మూసుకోవడం. అమెరికాలో రీనో ఊళ్ళోని సిల్వర్ మ్యూల్ కేసినోలో ఎనిమిదేళ్ళుగా బ్లాక్‌జాక్ బల్ల దగ్గర పేకముక్కలు పంచుతున్న గ్లెండాకు అది ఎంత కష్టమో ఆమెను ఎరిగినవాళ్ళకే తెలుసు.

ఆమె మీద అప్పటికే రెండు హెచ్చరికలున్నాయి. గంపెడు గెలిచి టిప్పు పెట్టకుండా లేచిన ఒక డాక్టరుతో "మళ్ళీ రండి సార్, ఈసారి చెయ్యి కూడా తెచ్చుకోండి" అన్నందుకు మొదటిది. టిప్పుకు బదులు పొదుపు మీద సలహా ఇచ్చిన పెద్దమనిషిని "ఇది మా ఇంటి ఓనరు అద్దె కింద తీసుకుంటాడంటారా?" అని అడిగినందుకు రెండోది. ఫ్లోర్ సూపర్‌వైజర్ హాస్కిన్స్ మూడు నెలల గడువు పెట్టాడు. ఈలోగా మాట తూలిందని ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటికే అన్నాడు. ఆ గడువు ఈ రోజు పన్నెండింటికి తీరుతుంది. యాభై రెండేళ్ళ వయసులో, నోటి దురుసని పేరు మోసిన డీలరుకు ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వరు. గ్లెండాకు నిజంగానే భయంగా ఉంది.

పదింటికి వెర్నన్ టటిల్ వచ్చి కూర్చున్నాడు. ఫాలన్ దగ్గర పశువులు పెంచుకునే ఆసామి. వరసగా తొమ్మిది ఆటలు గెలిచాడు. పందెం బిళ్ళల్లోంచి డీలరుకు టిప్పుగా ఒక్క చిప్పు విదల్చలేదు. గ్లెండా పెదాలు బిగించి ముక్కలు పంచింది. పదో ఆట కూడా గెలిచి ఆయన ఈల వేశాడు. గ్లెండా దవడలు నొప్పి పుట్టేలా నవ్వింది.

పక్క కుర్చీలో రోజూ కూర్చునే అయోన్ ముసలావిడ ఇక ఉండబట్టలేకపోయింది. "ఏమయ్యా, అంత కుప్ప పోసుకున్నావు, ఆ పిల్లకో చిప్పు పెట్టడానికి చేతులు రావా?"

"ఎలా పెట్టాలో తెలీదండీ. చేతికిస్తే తప్పంటారట," అన్నాడు వెర్నన్.

"చేతికెవరిమ్మన్నారు? నీ పందెం ముందు ఇంకోటి పెట్టు. అది డీలరు తరఫు పందెం. నువ్వు గెలిస్తే ఆమె కూడా గెలిచినట్టే. అందరూ చూస్తున్నారు, కాస్త సిగ్గుపడు!"

వెర్నన్‌కు రోషం వచ్చింది. కానీ అప్పటికే చిప్పులన్నీ పదకొండో పందెంగా ముందుకు తోసేశాడు. అందులోంచి ఒకటి వెనక్కి తీయడం మగతనానికి తక్కువనిపించింది. జేబులు తడుముకున్నాడు. చివరికి వేలికున్న పెళ్ళి ఉంగరం లాగి పందెం ముందు పెట్టాడు. "ఇదిగో, డీలరు తరఫున!"

పందెంగా చిప్పులు తప్ప ఇంకేదీ పెట్టకూడదు. ఆ మాట చెప్పాల్సింది గ్లెండాయే. చెబితే ఆయన నొచ్చుకుంటాడు, నొచ్చుకుంటే ఫిర్యాదు. నోరు మూసుకుని పంచింది. వెర్నన్‌కు ఇరవై ఒకటి పడింది, ఆ ఆటా ఆయనదే. ఎనిమిదేళ్ళ అలవాటున్న చేతులు ఎవరినీ అడగవు. గ్లెండా ఉంగరం తీసి, పైనున్న కెమెరాకు కనబడేలా బల్ల అంచుకు రెండుసార్లు కొట్టి, టిప్పుల పెట్టెలో పడేసింది. అందులో పడిందంటే ఆ పూట పనిచేస్తున్న నలభై మంది డీలర్లకూ ఉమ్మడి సొత్తే.

"ఆగమ్మా," అంది అయోన్. "గెలిచిన పందేనికి కేసినో సమానంగా ఇవ్వాలిగా. రెండో ఉంగరం ఏదీ?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు "ఉంగరం! ఉంగరం!" అని అరవడం మొదలుపెట్టారు. హాస్కిన్స్ పరుగున వచ్చాడు. గోల చల్లార్చడానికి గిఫ్టు షాపులోంచి కేసినో గుర్తయిన కంచరగాడిద బొమ్మ ఉన్న ఉంగరమొకటి తెప్పించి గ్లెండా ముందు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే, బఫే భోజనంలో రొయ్యల సంగతి చూసుకుని వెర్నన్ భార్య మాక్సీన్ వచ్చింది. ముందు మొగుడి బోసి వేలు చూసింది, తర్వాత డీలరు ముందున్న ఉంగరం చూసింది.

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు కాపురం చేసి, నేను రొయ్యలు తినొచ్చేలోగా ఇంకోదానితో ఉంగరాలు మార్చుకుంటావా?"

"కాదే, అది టిప్పు!"

"కాఫీ హోటల్లో పావలా పెట్టని నువ్వు ఉంగరం టిప్పిచ్చావా? అయితే ఖాయంగా ప్రేమే!"

హాస్కిన్స్ మొహం పాలిపోయింది. ఆటగాడికీ డీలరుకూ చుట్టరికముంటే ఆ గెలుపంతా మోసం కిందే లెక్క. "గ్లెండా, ఈయన నీకేమవుతాడు?"

గ్లెండా తల అడ్డంగా ఊపింది.

"చూశారా, సిగ్గుపడుతోంది!" అంది మాక్సీన్.

కెమెరాలో చూస్తే గానీ ఎవరూ నమ్మలేదు. తర్వాత టిప్పుల పెట్టె లెక్కలు చూసే డీలర్ల కమిటీ తాళం చెవులతో వచ్చి, తిరిగిచ్చేందుకు అందరి ఒప్పుదలా అడిగి, ఉంగరం బయటికి తీసింది. మాక్సీన్ దాన్ని మొగుడి వేలికి తోలు లేచిపోయేలా ఎక్కించింది. పన్నెండుకు ఐదు నిమిషాలుంది. గ్లెండా ఊపిరి పీల్చుకుంది.

"ఫిర్యాదు కాగితం ఒకటి ఇవ్వండి," అన్నాడు వెర్నన్.

ఆయన ఇలా రాశాడు: "ఉంగరం పెట్టకూడదని ఈవిడ ఒక్క మాట చెప్పి ఉంటే నా కాపురం ఇంతదాకా వచ్చేది కాదు. అంతసేపు కూర్చున్నాను, నోరు విప్పలేదు."

హాస్కిన్స్ అది చదివి, ఫైలు తీసి, తల గోక్కున్నాడు. "మొదటి రెండూ మాట్లాడినందుకు. ఇది మాట్లాడనందుకు. ఒకే తప్పు మూడుసార్లు చేస్తేనే తీసెయ్యాలని రూలు. నిన్నేం చెయ్యాలో నాకే తెలీడం లేదు."

"అయితే ఇప్పుడు మాట్లాడమంటారా సార్?"

"మాట్లాడి తీరాలి! కస్టమరు పద్ధతి తప్పితే చెప్పడం నీ డ్యూటీ. రాసిస్తున్నా, తీసుకో."

గ్లెండా ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. వెర్నన్ చిప్పులన్నీ టోపీలోకి ఊడ్చుకుని, భార్య వెనకాల క్యాషియరు వైపు నడుస్తున్నాడు. బల్ల మీద ఒక్క చిప్పూ మిగల్లేదు.

ఆయన క్యాషియరు కిటికీ చేరేలోపే గ్లెండా నోరు విప్పి తన డ్యూటీ పూర్తిగా నిర్వర్తించింది.