ఎడమ ఇండికేటరు

యలహంక పాతూరిలో అశ్వత్థప్ప ఇంట్లో ఆ సోమవారం ఉదయం అనుకున్న పని ఒక్కటే. పది గంటలకు అతని భార్య వరూధినికి డ్రైవింగ్ టెస్టు. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే చెల్లెలికి మొహం చూపించలేనని ముందే చెప్పేసింది. తీరా ఎనిమిదింటికి చూస్తే కారుకు ఎడమ ఇండికేటరు వెలగడం లేదు.

"ఎదురింటి ఫయాజ్ భాయ్‌ని పిలుస్తా. బండ్ల వైరింగు ఆయన పనే కదా," అందామె.

"ఫయాజెందుకు? ఇరవై రెండేండ్లుగా ఇండ్ల ప్లాన్లు గీస్తాండా. ఒక కారు ప్లాను చదవలేనా?" అన్నాడు అశ్వత్థప్ప.

నెట్లో వైరింగ్ డయాగ్రమ్ వెతికి, ప్రింటు తీసి, బానెట్ మీద పరిచాడు. గీతలంటే అతనికి భయం లేదు. చిక్కంతా ప్రింటరుతో వచ్చింది. అందులో రంగు ఇంకు అయిపోయింది. కాగితం మీద తీగలన్నీ నలుపే. స్టీరింగ్ కింద మూత ఊడదీస్తే మాత్రం ఏడెనిమిది రంగులు బయటపడ్డాయి. కాగితంలో ఒక్కో గీత పక్కన ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంది.

"బి అంటే ఏం రంగు?" వరూధిని అడిగింది.

"బ్లూ."

"బ్లాకు కూడా బి నే కదా? బ్రౌనో?"

అశ్వత్థప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సందర్భాన్ని బట్టి ఉంటాది," అన్నాడు.

తొమ్మిదింటికి మూత బిగించాడు. మిగిలిపోయిన రెండు స్క్రూలు జేబులో వేసుకున్నాడు. ఎడమ ఇండికేటరు వేస్తే వైపర్లు ఊగాయి. బ్రేకు నొక్కితే హారన్ మోగింది.

"ఇదేందండీ!"

"టైమ్ లేదు, ఎక్కు."

సందులో ఎలా పోయినా పది అడుగులకోసారి బ్రేకు వేయక తప్పదు. మూడో హారన్‌కే పక్కింటి గంగమ్మ చెత్త బకెట్టుతో వీధిలోకొచ్చింది. "చెత్త బండి వచ్చేసిండాది!" అని కేక పెట్టింది. మరో నలుగురు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. "నిలపప్పా!" అని అరుస్తూ కారు వెంటపడ్డారు. నిలపాలంటే బ్రేకు వేయాలి, వేస్తే మళ్లీ హారన్. సందు చివరిదాకా అతను వాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆర్టీఓ ఆఫీసులో టెస్టు పెట్టే వెంకటగిరియప్ప నవ్వగా చూసినవాళ్లు లేరు. వరూధిని పక్కన కూర్చుని "పోనీ" అన్నాడు. కుక్క అడ్డమొస్తే ఆమె బ్రేకు వేసింది, హారన్ మోగింది. హంపు దగ్గర మోగింది. మలుపు దగ్గరా మోగింది.

"ఎడమకు తిప్పమ్మా."

ఎండలో వైపర్లు టకటకా ఊగాయి. ఇంకేం తోచక వరూధిని కిటికీలోంచి కుడిచెయ్యి బయటపెట్టి, గాలిలో సున్నాలు చుడుతూ ఎడమకు తిప్పింది.

కారు ఆగాక, చివరిసారి హారన్ కూడా ఆగాక, వెంకటగిరియప్ప దిగాడు. "పాసు," అన్నాడు. "కుక్కకు గూడా హారన్ కొట్టినావు. చేత్తో సిగ్నలు చూపించేవాళ్లు ఈ కాలంలో ఎవరుండారమ్మా!"

వరూధిని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె నోరు మూసుకుని ఊరుకుంది. ఊరుకోలేకపోయింది అశ్వత్థప్పే. గంటసేపు కష్టం తనది, పేరు ఇంకొకరిది. డయాగ్రమ్ విప్పుకుంటూ ముందుకొచ్చాడు.

"సార్, ఆ హారన్ నా వైరింగ్ సార్! వైపర్లు గూడా నావే!"

వెంకటగిరియప్ప అంతా ఓపిగ్గా విన్నాడు. "ఈ బండిని ఇక్కడిదాకా ఎవరు తోలినారు?"

"నేనే సార్," అన్నాడు అశ్వత్థప్ప, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

"లైసెన్సు చూపించు."

చూపించాడు. దాని గడువు తీరి రెండేళ్లయింది.

"మళ్లీ నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ నుంచి మొదలుపెట్టాలప్పా నువ్వు. బండి బాగయ్యేదాకా ఇక్కడ్నుంచి కదలకూడదు."

"మరి ఈమె పాసు..." అశ్వత్థప్ప నసిగాడు.

"హారన్ బండిది. చెయ్యి ఆమెది. పాసే."

ఫోన్ చేస్తే ఫయాజ్ వచ్చి పది నిమిషాల్లో అన్నీ సరిచేశాడు, డయాగ్రమ్ కాగితం అడగలేదు. వరూధిని నడుపుకుంటూ ఇంటికి తెచ్చింది. గేటు ముందు దిగి, వెనకద్దం మీది ఎర్ర ఎల్ స్టిక్కరు గోటితో గీకబోయింది.

"ఉండనీలే," అన్నాడు అశ్వత్థప్ప.