కొండ మీదికి గూడ్సు బండి

సరిగ్గా ఆరు గంటల యాభై నిమిషాలకు లాడ్జి గది తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. లోపల అల్లుడు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"ఏడూ పదికి బయలుదేరుతున్నాం. ఆలస్యమైన వాళ్ళ కోసం బండి ఆగదు," అంది బయటి గొంతు.

"బండేమిటండీ మామయ్యగారూ, నడిచే కదా వెళ్ళేది?"

"నడిచినా బండే!"

ముప్ఫై నాలుగేళ్ళు గూడ్సు బండ్ల మీద గార్డుగా తిరిగి, ఆరేళ్ళ కిందట ఉద్యోగం నుంచి దిగిన పెద్దాయన గొంతు అది. దిగింది ఉద్యోగం నుంచే, అలవాటు నుంచి కాదు. వీధి మొత్తానికీ ఆయన ఇప్పటికీ గార్డుగారే.

ఈ రోజు ప్రయాణం ఆయనకు ఆషామాషీ వ్యవహారం కాదు. నలభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, భార్యను ఇదే కొండల్లోకి తీసుకొచ్చారు. పైన ఒక సరస్సు ఉందనీ, అందులో మూడు శిఖరాలు తలకిందులుగా కనిపిస్తాయనీ దారంతా ఊరించారు. సగం కొండ ఎక్కారో లేదో, వెనక నుంచి ఒక మనిషి రొప్పుతూ టెలిగ్రాం పట్టుకొచ్చాడు. వెంటనే డ్యూటీలో చేరాలి. కొత్త పెళ్ళికూతుర్ని కొండ కింద విశ్రాంతి గృహంలో, తమతో వచ్చిన తన అక్కగారికి అప్పగించి, ఆ సాయంత్రం బండికే వెళ్ళిపోయారు. మూడు రోజుల తర్వాత వచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. "వచ్చే ఏడు తప్పకుండా," అన్నారు. వచ్చే ఏళ్ళు నలభై వచ్చాయి.

ఆవిడ ఒక్కనాడూ దెప్పలేదు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నా, గోడలకు ఏ రంగు వెయ్యాలన్నా, మాట పెరిగినప్పుడు మాత్రం కిటికీలోంచి దూరంగా చూసి, "పోనీలెండి, ఆ సరస్సే చూడలేదు. ఇదో లెక్కా?" అనేది. అంతే, గార్డుగారు అక్కడికక్కడే లొంగిపోయేవారు. వచ్చే నెల ఆవిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్. ఆ తర్వాత కొండలెక్కడం మరిచిపొమ్మన్నాడు డాక్టరు. చూపిస్తే ఈ రోజే చూపించాలి. నాలుగింటికల్లా కిందికి దిగి ఆఖరి బస్సు పట్టుకోవాలి.

ఏడూ పదికి కొండ మొదట్లో అయిదుగురూ వరసలో నిలబడ్డారు. అందరికన్నా ముందు అల్లుడు, వాడి వెనక ఎనిమిదేళ్ళ మనవరాలు, తర్వాత కూతురు, చేతికర్రతో ఆవిడ. చివర గార్డుగారు. నెత్తిన పాత టోపీ, మెడలో ఈల, చంకలో రెండు జెండాలు.

"నాన్నా, దారి తెలిసినవాడివి నువ్వు. ముందు నడవాలి కదా?" అంది కూతురు.

"గార్డు ఎక్కడన్నా ముందు పెట్టెలో కూర్చుంటాడా? చివరి మనిషి క్షేమమైతే బండి మొత్తం క్షేమం. మీ ఆయన్ని తిన్నగా పొమ్మను."

ఈల మోగింది. పచ్చజెండా ఊగింది. బండి కదిలింది.

దారి వెడల్పుగా, పిల్లలు కూడా ఎక్కగలిగేలా ఉంది. మొదటి మలుపులో ఒక పళ్ళ డాక్టరు తన కుటుంబంతో నిలబడి దిక్కులు చూస్తున్నాడు. టోపీ చూశాడు. జెండా చూశాడు. ముఖం విప్పారింది.

"గైడుగారూ, సరస్సుకేనా? మేమూ మీ వెంట రావచ్చా?"

గార్డుగారు నోరు తెరిచారు. కాదని చెప్పడానికే తెరిచారు. కానీ ఆరేళ్ళుగా ఆయన్ని అనుమతి అడిగినవాడు లేడు. ఇంట్లో టీవీ ఆపాలన్నా ఆయన్ని ఎవరూ అడగరు.

"వరసలో రండి," అన్నారు.

"గైడు కాదని చెప్పెయ్యండి," అంది ఆవిడ మెల్లిగా.

"వచ్చే హాల్టులో చెబుతాను."

వచ్చే హాల్టులో ఎర్రజెండా ఎత్తి తలలు లెక్కపెడితే పంతొమ్మిది తేలాయి. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న బ్యాంకు ఉద్యోగులు పదిమంది వచ్చి చేరారు. అంతమందికి గైడు కాదని చెప్పడం ఆయన వల్ల కాలేదు. దానికి బదులు మంచినీళ్ళ విరామం అయిదు నిమిషాలని ప్రకటించారు. అందరూ బుద్ధిగా తాగారు. పళ్ళ డాక్టరు చెయ్యెత్తి అనుమతి అడిగి మరీ చెట్టు చాటుకు వెళ్ళొచ్చాడు.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. ఒక పెళ్ళివారి బృందాన్ని సరస్సుకు తీసుకెళుతూ నిజమైన గైడు వెనక నుంచి వచ్చి కలిశాడు. జెండాలు చూసి ఠక్కున నిలబడి సలాం చేశాడు.

"ఆఫీసు నుంచి వచ్చారాండీ? కొత్త మనిషిని వేస్తామన్నారు, ఇవాళే అనుకోలేదు. వీళ్ళను మీకు అప్పజెప్పి నేను దిగిపోతానండీ. ఇంట్లో పాపకు జ్వరంగా ఉంది."

"అది కాదు నాయనా, నేను..." అన్నారు గార్డుగారు.

"మీ మేలు మరిచిపోనండీ!" అప్పటికే రెండు మలుపులు దిగిపోయాడు వాడు.

కొండ మొత్తం మీద ఉన్న ఒకే ఒక్క అసలు గైడు అలా కిందికి వెళ్ళిపోయాడు. బండి మాత్రం పెరిగింది. మొత్తం నలభై మూడు తలలు.

పదకొండున్నరకు బండి తనంత తానే ఆగింది. ముందు నుంచి ఒక్కొక్కరే ఆగుతూ, ఒకరి వీపుకు ఒకరు తగులుతూ, ఆ కుదుపు చివరిదాకా వచ్చింది. గార్డుగారు పరుగున ముందుకు వెళ్ళారు. ఎదురుగా రాతి గోడ. గోడ మీద మూడు మేకలు. దారి లేదు.

"ఇటెందుకు తిప్పావయ్యా?" అన్నారు అల్లుడితో.

"మీరు ఈల వెయ్యలేదు కదా మామయ్యగారూ! తప్పుదారి పడితే ఈలేస్తారులే అని ధీమాగా నడుస్తున్నా."

"బండి ఎటు పోవాలో గార్డుకేం తెలుస్తుంది? అది ముందున్నవాడు చూసుకోవాలి!"

"మరి ముప్ఫై నాలుగేళ్ళూ ఎలా చేరారండీ?"

"పట్టాలుండేవి!"

నలభై మందీ ఆయన వైపు చూశారు. మేకలు కూడా చూశాయి. గార్డుగారు టోపీ తీశారు.

"నేను గైడును కాను. రిటైరైన గూడ్సు గార్డును. దారి నాకూ సగం వరకే తెలుసు."

"మరి ఈ జెండాలు ఎందుకండీ?" అన్నాడు పళ్ళ డాక్టరు, పన్ను పీకించుకున్నవాడి గొంతుతో.

"అలవాటు."

పెళ్ళివారిలో ఒకావిడ ఏడుపు అందుకుంది. బ్యాంకువాళ్ళు ఆయన మీద ఫిర్యాదు ఎవరికి రాయాలో చర్చించుకున్నారు. అల్లుడు సిగ్నల్ కోసం ఫోను ఆకాశానికి ఎత్తి మేకల చుట్టూ తిరిగాడు. గార్డుగారు ఇవేవీ వినడం లేదు. గడియారం చూసుకున్నారు. ఇప్పుడు వెనక్కి మళ్ళితే బస్సు అందుతుంది. సరస్సు అందదు. వెళ్ళి భార్య పక్కన రాయి మీద కూలబడ్డారు.

"ఈసారి కూడా చూపించలేకపోయాను," అన్నారు.

ఆవిడ ఆయన ముఖం చూసింది. చుట్టూ మూగిన జనాన్ని చూసింది. కాసేపు ఏదో తేల్చుకోలేనట్టు చేతికర్రతో నేల మీద గీతలు గీసింది. తర్వాత మెల్లిగా లేచి నిలబడింది.

"అందరూ ఇలా వినండి. వెనక్కి వెళితే రెండుగా పగిలిన బండ ఒకటి ఉంటుంది. దాని ఎడమ పక్క నుంచి వెళ్ళాలి. అల్లుడుగారు కుడికి తిప్పారు. పదిహేడు రాతి మెట్లుంటాయి. తొమ్మిదో మెట్టు కదులుతుంది, దాని మీద కాలు వెయ్యకండి. పైకెక్కితే సరస్సే, అరగంట కూడా పట్టదు, బస్సూ అందుతుంది."

"అమ్మమ్మా, నీకెలా తెలుసు?" అంది మనవరాలు.

"నడవండి, నడవండి," అంది ఆవిడ, ఎవరి ముఖమూ చూడకుండా.

ఆ రోజుకు మొదటిసారి ఆ బండికి ఇంజను తగిలింది. ఆవిడ చేతికర్ర టకటకలాడిస్తూ ముందు నడిచింది. పగిలిన బండ ఉంది. పదిహేడు మెట్లున్నాయి. తొమ్మిదోది ఇంకా కదులుతోంది. చివరన నడుస్తున్న గార్డుగారు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ ఏదో లెక్క వేసుకుంటూనే ఉన్నారు.

పైన సరస్సు ఉంది. గాలి లేదు. మూడు శిఖరాలూ నీళ్ళలో తలకిందులుగా, అంచు చెదరకుండా నిలబడి ఉన్నాయి. పెళ్ళివారూ బ్యాంకువాళ్ళూ కోపం మరిచిపోయి ఒడ్డుకు పరుగెత్తారు. పిల్లలు చెప్పులు విడిచారు. ఆలుమగలిద్దరూ ఒక చదును రాయి మీద కూర్చున్నారు.

"ఎప్పుడు?" అన్నారు గార్డుగారు.

"మీరు వెళ్ళిన మర్నాడే. విశ్రాంతి గృహం వంటాయన భార్య గడ్డి కొయ్యడానికి పైకి వస్తుంటే, వదినగారికి చెప్పి ఆవిడ వెంట వచ్చాను. మధ్యాహ్నానికల్లా ఇక్కడున్నాను."

"మరి చెప్పలేదేమే?"

"చెబుదామనే అనుకున్నాను. మీరు బండి దిగుతూనే ఏడుపు ముఖం పెట్టి, 'నువ్వేం అడిగినా ఇక కాదనను' అన్నారు. అంత మాటన్నాక ఎలా చెప్పనండీ?"

గార్డుగారు వేళ్ళు మడిచారు. "మీ అమ్మ మనింట్లో ఏడేళ్ళుంది. వంటింటికి ఆ గులాబి రంగు. మీ చెల్లెలి ఎదురుగానే ఇల్లు..." చెయ్యి పైపెదవి మీదికి వెళ్ళి ఆగిపోయింది. "నా మీసం తీయించావు కదే!"

"మీసమైతే నిజంగానే సరస్సు లేకపోయినా తీయించేదాన్ని."

ఆయన నవ్వలేదు. ఆవిడ చేతికర్ర పక్కన పెట్టి నీళ్ళ వైపు తిరిగింది.

"ఒక్కదాన్నే కూర్చున్నానండీ ఆ రోజు. ఇదే రాయి మీద. ఎంత బాగుందో చెప్పుకుందామంటే పక్కన మనిషి లేడు. అటూ ఇటూ చూసి దిగిపోయాను. ఆ చూడటం చూడటంలోకి రాదని నలభై ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఇవాళ తెలిసింది, అది అబద్ధం కాదని."

అప్పుడు గార్డుగారు నవ్వారు. ఈల తీసి మనవరాలి మెడలో వేశారు. ఆవిడ ఆయన భుజానికి ఆనుకుని, వీలు చూసుకుని అంది: "మోకాళ్ళు బాగయ్యాక సముద్రానికి తీసుకెళ్ళండి. మీ మీద ఒట్టు, సముద్రం మాత్రం నేను చూడలేదు."

గార్డుగారు ఆవిడ ముఖంలోకి అనుమానంగా చూశారు. జేబులోంచి నిన్నటి బస్సు టికెట్టు తీసి, దాని వెనక 'సముద్రం చూడలేదు' అన్న మాట తేదీతో, టైముతో సహా రాసి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు.