గుసగుసల వీధికి నర్సరీ సీటొచ్చింది

సీటొచ్చిందన్న కబురు ఇవాళ పొద్దున మా వీధిలోకి గుసగుసగా వచ్చింది.

పక్క క్వార్టర్ సుశీలక్క మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, మా వంటింటి కిటికీకి మొహం ఆనించి, "చెల్లీ, మా వరలక్ష్మికి నర్సరీల సీటొచ్చిందే!" అంది. అంత సంతోషం అంత చిన్న గొంతులో ఎలా ఇమిడిందో! నా చేతిలోంచి గరిటె జారింది. నేలకు తగిలేలోపు పట్టేసుకున్నాను. తర్వాత ఇద్దరం కిటికీ ఊచల మధ్యనుంచి చేతులు పట్టుకుని, చప్పుడు కాకుండా గెంతాం.

ఎందుకంటే వాళ్ళ గేటుకు తువ్వాలు వేలాడుతోంది.

మా వీధి సంగతి తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. తెలుగు సరిహద్దు దాటాక, ఇనుప రాయి తవ్వే కొండ కింద మా టౌన్‌షిప్ ఉంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మగమనిషి ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఇంటి గేటుకు తువ్వాలు కడతారు. తువ్వాలు కనబడితే కూరగాయలమ్మే గోండు ఆమె ఆయతి కేక వెయ్యదు. బుట్ట దించి కొంగు ఊపుతుంది. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు కొట్టడు. కుక్కలు కూడా పక్క వీధికి పోయి మొరిగి వస్తాయి!

షిఫ్టులు మారుతూ ఉంటాయి కాబట్టి ఏదో ఒక గేటుకు తువ్వాలు ఉండనే ఉంటుంది. అంటే మా వీధిలో పగలు అనేదే లేదు. రాత్రి, దాని తర్వాత ఎండగా ఉండే రాత్రి!

నేను ఈ వీధికి కాపురానికి వచ్చి ఇంకా గోరింటాకు పూర్తిగా వెలిసిపోలేదు. అప్పుడే ఎన్ని నేర్చుకున్నానో! గాజులు మోగకుండా చేతిరుమాలు చుట్టుకోవడం, కుక్కర్ విజిల్ వెయ్యబోతుండగా దించెయ్యడం, తలుపును కాస్త పైకెత్తి మూయడం. మా ఆయన మధ్యాహ్నం నిద్రలేచి, ఎంత కడిగినా పోని ఎర్ర దుమ్ము కనుబొమల్లో మెరుస్తుండగా నన్ను చూసి నవ్వితే, తిరిగి నవ్వే నవ్వును పెదవుల దగ్గరే ఆపడం. ఎంత బాగుంటుందో తెలుసా!

అందుకే ధైర్యంగా ప్రకటిస్తున్నాను. పసిపిల్లల పెంపకానికి నైట్ షిఫ్ట్‌ను మించిన బడి లేదు!

నవ్వకండి. నేను డిగ్రీలో సైకాలజీ చదివినదాన్ని. "పసితనంలో ఏం చూస్తే, ఏం వింటే, దాన్నిబట్టే పిల్లల బుద్ధి పెరుగుతుంది. వాళ్ళను వాగనివ్వండి, గెంతనివ్వండి, అడగనివ్వండి" అని మా లెక్చరర్ గారు చెప్పేవారు. పాపం, ఆవిడ ఉండేది భద్రాచలంలో. గోదావరి ఒడ్డున పిల్లలు ఎంత అరిచినా నదికి నిద్ర చెడుతుందా? ఒక్క వారం మా వీధిలో ఉండి చూస్తే ఆవిడ పాఠమే మార్చేసేవారు!

సాక్ష్యం కావాలా? మూడేళ్ళు నిండిన మా వరలక్ష్మి ఇంటర్వ్యూ చూడండి.

ఇంగ్లీషు వచ్చిన పక్కింటావిడ హోదాలో నేనూ వెంట వెళ్ళాను. మాకంటే ముందు లోపలికి పోయింది బజార్లో బట్టల కొట్టు వాళ్ళ బాబు. వాడు వెళ్ళీ వెళ్ళగానే గోడ మీది బొమ్మ చూసి, "ఈ చేపకు నీళ్ళేవి?" అని అడిగాడు. సమాధానం రాకపోతే మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత చేపను దగ్గరగా చూద్దామని బల్ల ఎక్కాడు. ఇక వాడికి సీటెవరిస్తారు? ఇలాంటి పిల్లలు బళ్ళోకి వస్తే ఏమైనా నేర్చుకుపోతారు కూడా!

మా వరలక్ష్మి అలా కాదు. చేతులు కట్టుకుని కూర్చుంది. పేరడిగితే పెదవులు కదిలాయి. మేడమ్ వంగి మళ్ళీ అడిగింది. మళ్ళీ పెదవులే కదిలాయి. కాసేపటికి మేడమ్ కూడా గుసగుసల్లోకి దిగింది. టీ తెచ్చిన ప్యూను అది చూసి చెప్పులు విప్పి నడిచాడు. చూశారా, ఒక్క పిల్ల ఆఫీసు మొత్తానికి క్రమశిక్షణ నేర్పింది!

"పాపా కీ తస్వీర్ బనావో" అని, నాన్న బొమ్మ వెయ్యమని మేడమ్ కాగితం ఇచ్చింది. వరలక్ష్మి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత గీసింది. ఒక కొసన మీసాలు పెట్టింది, ఇంకో కొసన రెండు పాదాలు. ఆ పిల్లకు తెలిసిన నాన్న అదే మరి, అడ్డంగా ఉంటాడు.

"లైన్ కిత్‌నీ సీధీ హై!" అని, గీత ఎంత తిన్నగా ఉందోనని మేడమ్ మురిసిపోయింది. ఇంత శాంతమైన పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారని గేటు దాకా వచ్చి సాగనంపింది.

ఇది వరలక్ష్మి ఒక్కదాని గొప్ప అనుకునేరు! మా వీధి పిల్లలందరూ ఇంతే. రైలు ఆట ఆడతారు. రాయి నింపుకుని పోయే గూడ్సు బండిలా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని పోతారు, కానీ ఇంజన్ కూత వెయ్యదు. నోరు మాత్రం తెరుస్తుంది. 'నాన్న పడుకున్నాడు' అని ఇంకో ఆట ఉంది. ఒకరు నాన్నలా పడుకుంటారు, మిగతా వాళ్ళు చుట్టూ కూర్చుంటారు. ముందు ఎవరు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. ఆ ఆటలో ఎవరూ ఓడగా నేను చూడలేదు.

ఇక భాషలు! తెలుగు, హిందీ, ఇక్కడి వాళ్ళ హల్బీ, గోండి, నాలుగూ మా పిల్లల చెవిన పడతాయి. ఇన్ని భాషలు నేర్పడం ఎంత కష్టం అనుకుంటారేమో. ఏం కష్టం లేదు. నాలుగింటిలోనూ మేం నేర్పేది ఒకటే మాట. "ష్!"

ఇంత చక్కటి పద్ధతి నచ్చని మనిషి మా వీధిలో ఒక్కరే ఉన్నారు. సుశీలక్క అత్తగారు సోమక్క. కుంట అనే ఊరి నుంచి వచ్చి వారం క్రితం బస్సు దిగింది. దిగింది మొదలు ఒకటే గోల.

"ఏందే సుశీలా, ఇది ఇల్లా, దవాఖానానా? పిల్ల గొంతు ఇనబడకపాయె!"

"మెల్లగ అత్తా! మీ కొడుకు పండుకున్నడు."

"ఆడేమన్న సంటిపిల్లగాడా? పుట్టిననాడు ఆని అరుపుకు మా గుడిసె కప్పే లేచిపోతదనుకున్న. ఇయ్యాల ఆనికి చెవులు పుట్టినయా?"

నేను కల్పించుకుని, "అది డిసిప్లిన్ అత్తమ్మా" అన్నాను.

"గదేందో నాకు తెల్వదు బిడ్డా. మొన్న పిల్ల మెట్ల మీద పడ్డది. నోరు తెరిచింది, నీళ్ళు కారినయి, సప్పుడు లేదు. ఏడుపుకు గూడ తాళమేస్తరా?"

పాతకాలపు మనిషి! అని నేనూ సుశీలక్కా కళ్ళతోనే అనుకున్నాం.

సరే, సీటొచ్చిన సంబరంలో ఉన్నాం కదా. సాయంత్రం రామనర్సయ్య బావ నిద్ర లేచాడు. బావంటే సుశీలక్క భర్త, కొండ మీద రాయి తవ్వి ఎత్తే పెద్ద షావెల్ బండి నడుపుతాడు. గేటు మీది తువ్వాలు తీసేశారు. సుశీలక్క పాయసం కాచింది. నేను గిన్నెలు తుడుస్తున్నాను. పాయసం ముందు ఎవరికి పెట్టాలి? సీటు తెచ్చుకున్న దొరసానికే కదా. చూస్తే వరలక్ష్మి లేదు.

మంచం కింద చూశాం. నీళ్ళ డ్రమ్ము వెనక చూశాం. బావ వీధిలోకి పోయి, "వరాలూ! వరాలూ!" అని అరిచాడు. అన్ని గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి, పిల్ల జవాబు మాత్రం రాలేదు. క్వార్టర్ల చివర రైలు పట్టాలున్నాయి. అప్పుడే గూడ్సు కదిలింది. దాని కూత వినగానే సుశీలక్క పాయసం గరిటెతోనే గేటు దగ్గరికి ఉరికింది. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పట్టాల వైపు పరుగెత్తాడు.

పిల్ల పెరట్లోనే దొరికింది. కుక్కలు దూరతాయని సుశీలక్క అలవాటు కొద్దీ బాత్‌రూమ్‌కు బయట గడియ పెట్టేసింది. లోపల వరలక్ష్మి ఉందని చూసుకోలేదు. పిల్ల ఎంతసేపటి నుంచో గోటితో తలుపు గీకుతోంది. బావ గడియ తీసేసరికి బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. చెంపల నిండా నీళ్ళు.

"అరవొచ్చు గద బిడ్డా! నేనిక్కడనే ఉన్న గద!" అన్నాడు బావ, ఎత్తుకుంటూ.

ఆ పిల్ల బావ నోటి మీద వేలు పెట్టింది.

"ష్... నాన్న పండుకున్నడు" అంది. నాన్నతోనే!

సైకాలజీ చదివినదాన్ని, నా నోటా మాట రాలేదు. చూశారా, డిసిప్లిన్ నాక్కూడా అబ్బింది!

చివరికి బావే అన్నాడు. "రోజూ మజ్జాన్నం కొండ పేలుస్తరు. కిటికీలు గలగలమంటయి. నేనేనాడన్న లేసిన్నా? మరి నా బిడ్డ నవ్వితే లేస్తనని ఎవలు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన" అంది సుశీలక్క, కళ్ళొత్తుకుంటూ. "నిద్ర సాలక ఆ బండి ఏ లోయల పడేస్తవో అని నా భయం నాది."

అదీ నిజమే. బావకు నిద్ర కావాలి, వరలక్ష్మికి గొంతు కావాలి. ఒక కొండను తవ్వడానికి మూడు షిఫ్టులు పెట్టినవాళ్ళు, పిల్లలు అరవడానికి ఒక్క షిఫ్టన్నా పెట్టలేదు. మేమా, ఉన్న భయానికి బుద్ధి అని పేరు పెట్టి, దానికి సీటొస్తే పాయసం కాచుకున్నాం.

పట్టాల దగ్గర్నుంచి రొప్పుతూ వచ్చిన మా ఆయన చెవిలో నా ఆలోచన ఊదాను. అలవాటు పోదు కదా! ఆయన మాత్రం వీధి వీధంతా వినబడేలా నవ్వాడు. "క్లబ్ హాలు పొద్దంతా ఖాళీనే. తాళం నా దగ్గరే ఉంది" అన్నాడు. క్యారమ్ పోటీలు నడిపేది ఆయనే లెండి.

కాబట్టి పాఠకులారా, రేపు పొద్దున మా టౌన్‌షిప్‌లో నాన్నల నర్సరీ తెరుస్తున్నాం! నైట్ షిఫ్ట్ బస్సు సరాసరి క్లబ్ ముందు ఆగుతుంది. చాపలు, దిండ్లు సిద్ధం. ఇంటర్వ్యూ లేదు. వచ్చిన ప్రతి నాన్నకూ సీటు ఖాయం. గెంతకూడదు, ప్రశ్నలు అడగకూడదు, చేతులు కట్టుకుని పడుకోవాలి. గురక పెట్టేవాళ్ళు కిటికీ వైపు. వీధి మాత్రం సాయంత్రం దాకా పిల్లలది. మేడమ్ గారికి ఈ గోల వినబడి సీటు వెనక్కి తీసుకుంటే తీసుకోనీ అని సుశీలక్కే అంది, గట్టిగానే.

మధ్యాహ్నం బావను భోజనానికి లేపే డ్యూటీ వరలక్ష్మిది. క్లబ్ మెట్ల మీద నిలబడి పిలవాలి. మెల్లగా పిలిస్తే లేవనని బావ ఒట్టు పెట్టుకున్నాడు. సోమక్క రేపు చేపల పులుసు పెడుతోంది, కొడుకు వచ్చేదాకా మాలో ఎవరికీ ముక్క వెయ్యదట. మా అందరి ఆకలీ రేపు ఆ పిల్ల గొంతు మీదే ఉంది.