దీపాలవ్వ మీద నిషేధం

ఆ శనివారం ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, మామగారి చొక్కా ఇస్త్రీ చెయ్యడం, సాయంత్రం నాలుగింటికి ఆయనను వెంటబెట్టుకుని వీధి చివరి కార్డుల దుకాణానికి వెళ్ళడం. అక్కడ నెలకోసారి బొమ్మల కార్డుల ఆట పోటీ జరుగుతుంది, ఇద్దరూ ఆడతారు. పోయినసారి మామగారు రెండో స్థానంలో నిలిచారు. ఈసారి మొదటిది తప్ప ఇంకేదీ తనకు పనికిరాదని వారం రోజులుగా లిఫ్టులో ఎదురైన ప్రతివారికీ చెబుతున్నారు. తలుపు మూసుకున్నాక లిఫ్టులోంచి ఎవరూ పారిపోలేరు కాబట్టి అందరూ విన్నారు.

పాలు కాగేలోపు కోడలు ఫోను చూసింది. చూడకపోతే ఈ కథే లేదు. ఆ ఆటను తయారుచేసే కంపెనీవారు మూడు నెలలకోసారి ఒక ప్రకటన చేస్తారు. ఏ కార్డులు ఇక ఆడకూడదో, ఏవి ఒక్కొక్కరి కట్టలో ఒక్కటి మించి ఉండకూడదో అందులో చెబుతారు. ఒకే కార్డు పదే పదే గెలిపిస్తుంటే మిగతావాళ్ళకు ఆట మీద విసుగు పుడుతుందని వారి భయం. ఈసారి నిషేధం ఒకే ఒక్క కార్డు మీద పడింది. దాని పేరు దీపాలవ్వ. ఇవాళ్టి నుంచే అమలు.

ఈలోగా పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

దీపాలవ్వ అంటే కార్డు మీద లాంతరు పట్టుకుని నిలబడిన ముసలావిడ. మన సైనికులంతా చచ్చి ఆట చేజారిపోయిందనుకున్నప్పుడు ఆవిడను బల్ల మీదకు దింపితే, విడతకొకరి చొప్పున దీపం చూపించి వెనక్కి పిలుచుకొస్తుంది. రెండేళ్ళుగా మామగారు గెలిచిన ఆటలన్నీ ఆవిడ చలవే.

ఆ రెండేళ్ళకు ముందు సంగతి కూడా చెప్పాలి. మామగారు లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. అత్తగారు పోయాక ఆయన మాట్లాడడం మానేశారు. అలిగి కాదు, జబ్బు చేసీ కాదు. వినవలసిన మనిషే లేనప్పుడు ఇక మాటలెందుకన్నట్టు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కొడుకు వంతెనలు పరీక్షించే ఇంజనీరు, ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. ఇంట్లో మిగిలింది కోడలు. ఒక సాయంత్రం ఆమె తను చిన్నప్పటి నుంచీ ఆడుకునే కార్డులు తెచ్చి బల్ల మీద పరిచి, "మామయ్యా, నాతో ఆడేవాళ్ళు లేరు. కాస్త కూర్చుంటారా?" అంది. ఆయన జాలిపడి కూర్చున్నారు. ఆమె తన దగ్గరున్నవాటిలోకెల్లా మంచి కార్డును, ఈ దీపాలవ్వనే, ఆయన చేతిలో పెట్టింది. ఆ ఆట ఆయనే గెలిచారు. గెలిచి, "ఇదేదో బాగుందే" అన్నారు. కొన్ని నెలల తరవాత ఆ ఇంట్లో ఆయన గొంతు వినబడడం అదే మొదలు. కోడలు వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి రెండో ఆట కూడా ఓడిపోయింది.

అవ్వ చేతిలోని దీపాన్ని ఆర్పే కార్డు ఒకటుంది, సుడిగాలి. అది కోడలి దగ్గరే ఉండేది. ఆ రాత్రే దాన్ని తన కట్టలోంచి తీసి బీరువాలో చీరల అడుగున పెట్టేసింది. ఇప్పుడు అవ్వే లేకపోతే ఆయన మళ్ళీ ఆ బాల్కనీ కుర్చీలోకి వెళ్ళిపోతారేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. చెప్పకుండా ఊరుకుందామంటే, సాయంత్రం దుకాణంలో పదిమంది ముందు "అది చెల్లదండీ" అనిపించుకోవలసి వస్తుంది. నాలుగింటిలోగా చెప్పి తీరాలి, అదీ నెమ్మదిగా చెప్పాలి.

నెమ్మదిగా చెప్పడం ఆమెకు వచ్చిన విద్యే. కోడలు పశువుల ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. చావు కబురు చల్లగా చెబితే లోకం తిట్టిపోస్తుంది గాని, ఆ ఆసుపత్రిలో అది ఉద్యోగధర్మం. అక్కడి డాక్టరమ్మ పెట్టిన పద్ధతి ప్రకారం చెడ్డ కబురుకు మూడు విడతలు. మొదటి విడతలో మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వాలి. రెండో విడతలో, "కంగారు పడాల్సిందేమీ లేదు, తరవాత మాట్లాడుకుందాం" అనాలి. ఇంటివాళ్ళంతా చేరాక మూడో విడతలో అసలు మాట చెప్పాలి. కుక్కలవాళ్ళకూ పిల్లులవాళ్ళకూ పనిచేసిన పద్ధతి మామగారికి పనిచెయ్యదా అనుకుంది కోడలు.

ఆమె మరిచిపోయింది ఒక్కటే. ఆసుపత్రి కబుర్లన్నీ రోజూ భోజనాల దగ్గర ఆయనకు చెప్పేది తనే. ఆమె ఇంటికి రాగానే మామగారు అడిగే మొదటి ప్రశ్న, "ఇవాళ ఎన్ని గ్లాసుల నీళ్ళమ్మా?"

ఆయన హాల్లో నిలబడి కార్డులు కలుపుతున్నారు. కోడలు గ్లాసు తీసుకుని వచ్చింది.

"మామయ్యా, ఇలా కూర్చోండి."

"నిలబడే బాగానే ఉన్నానమ్మా."

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి."

మామగారు గ్లాసు వంక చూశారు, కోడలి మొహం వంక చూశారు. "దాహం వెయ్యట్లేదే."

"అయినా తాగండి. కంగారు పడాల్సిందేమీ లేదు. తరవాత మాట్లాడుకుందాం."

ఆయన కూర్చున్నారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు. ఆ వారంలోనే ఆయన మామూలు పరీక్షలకని రక్తం ఇచ్చి వచ్చారు. రిపోర్టు కోడలి ఫోనుకే వస్తుంది. ఆ రక్తానికీ ఈ నీళ్ళకూ ఆయన అక్కడికక్కడే ముడి పెట్టేసుకున్నారు. కానీ లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపలివాళ్ళ కంటే ముందు మెకానిక్ కంగారు పడకూడదు. అది ఆయన జీవితమంతా పాటించిన నియమం. "సరేనమ్మా" అని నవ్వి, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని కిందికి వెళ్ళిపోయారు. రెండు విడతలు చక్కగా దిగిపోయాయని కోడలు ఊపిరి పీల్చుకుంది.

మామగారు మెట్ల దగ్గర నిలబడి, అదే ఊళ్ళో ఉన్న కూతురికి ఫోను చేశారు. "తీరికుంటే ఒకసారి రామ్మా. ఏమీ లేదు, చూడాలనిపించింది."

ఆయన నోట "చూడాలనిపించింది" అన్న మాట కూతురు పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆమె వెంటనే అన్నకు ఫోను చేసింది. "అన్నయ్యా, నాన్న నన్ను చూడాలనిపించిందన్నాడు."

"మన నాన్నే?" అన్నాడు అన్న. తరవాత ఇంకేమీ అడగకుండా వంతెనను దాని మానాన వదిలేసి బస్సెక్కాడు.

మామగారు అక్కడి నుంచి కార్డుల దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు ఆయనను చూడగానే మొహం చేటంత చేసుకుని, "రండి రండి, మీకో మంచి వార్త" అన్నాడు.

"ఇవాళ్టికి వార్తలు చాలయ్యా" అన్నారు మామగారు. కార్డుల కట్ట అతని చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గర ఉంచు. ఎవరికైనా పనికొస్తే ఇవ్వు. అవ్వను మాత్రం మా కోడలికివ్వు. నన్ను బాగా చూసుకున్నావు." అని అతని భుజం తట్టి వచ్చేశారు.

దుకాణదారు కోడలికి ఫోను చేశాడు. "మీ మామగారు కార్డులన్నీ నాకిచ్చేశారండీ. ఇక ఆడరట. ఆ మొహం చూస్తే నాకు భయమేసింది."

కోడలు ఫోను పెట్టేసింది. ఎవరో ముందే చెప్పేశారు, తన మూడో విడత దాకా ఆగలేదు. అనుకున్నంతా అయిందని ఏడుస్తూ చెప్పులేసుకుని లిఫ్టు దగ్గరికి పరుగెత్తింది. తలుపు తెరుచుకోగానే లోపల ఆడపడుచు, ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

"వదినా, నాన్నకేమైంది?"

"మీకెలా తెలిసింది?"

"అంటే నిజమేనన్నమాట."

"నిజమే. పొద్దున్నే వచ్చింది కబురు."

"ఎంత టైముందన్నారు?"

"టైమెక్కడిది? ఇవాళ్టి నుంచే అన్నారు."

ఆడపడుచు లిఫ్టు గోడను పట్టుకుంది. "ఇక చెయ్యగలిగింది ఏమీ లేదా?"

"మూడు నెలలకోసారి మళ్ళీ చూస్తారు" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "తిరిగొచ్చినవి లేకపోలేదు. కానీ చాలా తక్కువ."

ఆడపడుచును నడిపించుకుంటూ ఇంట్లోకి తీసుకొచ్చి కోడలు మంచినీళ్ళు ఇచ్చింది. కాసేపటికి మామగారు వచ్చారు. కూతురు ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. నాలుగు కావస్తుండగా కొడుకు సంచి భుజాన వేసుకునే వచ్చాడు. ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదని చూసి, వంటింట్లోకి వెళ్ళి అందరికీ మంచినీళ్ళు తెచ్చాడు. అతని వెనకే దుకాణదారు కార్డుల కట్టతో వచ్చాడు. అతనికీ ఒక గ్లాసు అందింది. బల్ల మీద ఇక చోటు లేదు.

మామగారు అందరినీ ఒకసారి కలయజూశారు. "ఇంటివాళ్ళంతా చేరారు గదా. మూడో విడత కానివ్వమ్మా."

కోడలు తల వంచుకుంది.

"మీ అత్తయ్యప్పుడు డాక్టరు ఇలాగే నెమ్మదిగా చెప్పబోతే నేను లేచి బయటికెళ్ళిపోయాను. ఆ మాట తనొక్కతే వినాల్సొచ్చింది. ఈసారి లేవను. కూర్చునే వింటాను. చెప్పు."

ఆ మాటకు కోడలికి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే అంది, "మామయ్యా, దీపాలవ్వను నిషేధించారు."

బయట లిఫ్టు ఏదో అంతస్తులో ఆగిన చప్పుడు వినబడింది.

"ఎవరిని?" అన్నారు మామగారు.

"దీపాలవ్వను. ఇవాళ్టి నుంచి చెల్లదట."

"మరి నా రక్తం?"

"మీ రక్తానికేమైంది? మొన్ననే వచ్చిందిగా రిపోర్టు. నాకంటే మీదే బాగుంది."

"నాకు చెప్పలేదే."

"మంచి కబురే కదా అని మర్చిపోయాను" అంది కోడలు.

ఆడపడుచు నెమ్మదిగా తల తిప్పింది. "వదినా, లిఫ్టులో నువ్వు చెప్పిందంతా కార్డు గురించా?"

"మీరు మరి దేని గురించి ఏడ్చారు?"

ఎవరైనా జవాబు చెప్పేలోపే మామగారు కుర్చీలోంచి లేచారు. లేవనని ఇచ్చిన మాట ఆయనకు గుర్తున్నట్టు లేదు. "వేశారా? చివరికి నిషేధం వేశారా?" అని దుకాణదారు రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆ మంచి వార్తే చెప్పబోయానండీ. మీరు చెప్పనిస్తే గదా" అన్నాడు దుకాణదారు.

"ఏమిటి మామయ్యా ఇది?"

మామగారు కొంచెం సిగ్గుపడ్డారు. "అడిగించింది నేనేనమ్మా. ఆ అవ్వను ఆపించండి, ఆట పాడైపోతోంది అని ఇతని చేత కంపెనీకి మొరపెట్టించాను. ఒకసారి కాదు, ప్రతిసారీ."

"ఎందుకని?"

"రెండేళ్ళుగా నువ్వు నా మీద ఒక్క ఆట గెలవలేదు. అవ్వ ఉన్నంతకాలం గెలవలేవు కూడా. పగలంతా ఏడ్చేవాళ్ళకు నీళ్ళిచ్చి వస్తావు. ఇంటికొచ్చి నా చేతిలో ఓడిపోతావు. చూడలేకపోయానమ్మా."

"ఆ కార్డేదో కట్టలోంచి తీసేస్తే పోయేదిగా నాన్నా" అన్నాడు కొడుకు.

"నువ్వొకడివి. అది తను ఇచ్చిన కార్డురా. నేను తీసేస్తే మనసు కష్టపెట్టుకోదూ? కంపెనీవాళ్ళే తీసేస్తే ఎవరికీ బాధ లేదు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు."

కోడలికి బీరువాలో చీరల అడుగున ఉన్న సుడిగాలి గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, దగ్గర్లో ఉన్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. ఆయన తన కోసం ఇన్నాళ్ళు ఇంత కుట్ర పన్నారని తలుచుకుంటే మాత్రం కడుపు నిండిపోయింది. రెండేళ్ళ క్రితం బాల్కనీలో కూర్చున్న మనిషికి ఇప్పుడు ఎవరి గెలుపు గురించో దిగులు. ఇంతకంటే తను గెలవవలసిన ఆట ఏముందనిపించింది.

దుకాణదారు గడియారం చూపించాడు. అందరూ కలిసి వెళ్ళారు. వెళ్ళేముందు మామగారు కట్టలోంచి అవ్వను తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ఆడకూడదన్నారు గాని దగ్గరుంచుకోకూడదనలేదు గదా" అన్నారు.

చీటీలు తీస్తే మొదటి ఆట మామాకోడళ్ళకే పడింది. కోడలు ఈసారి ఓడిపోవాలని ఆడలేదు. రెండేళ్ళలో మొదటిసారి మనసుపెట్టి, పళ్ళు బిగించి, తనకు తెలిసిన ఎత్తులన్నీ వేసింది. టీ చల్లారేలోపే ఓడిపోయింది. అవ్వ లేకుండా, దీపం లేకుండా మామగారు ఆమె సైనికులను ఒక్కొక్కరినే ఏరేశారు. అటు గెలిచిన మొహం బిక్కచచ్చిపోయింది. ఇటు ఓడిన మొహం మొదట నిజంగానే కోపంతో ఎర్రబడి, ఆ తరవాత ఆపుకోలేక నవ్వింది.

మామగారు నెమ్మదిగా దుకాణదారు పక్కకు చేరి, చెవిలో అడిగారు. "ఈసారి దేన్ని ఆపించమని రాయమంటావు?"

దుకాణదారు ఆయన కార్డులన్నీ తిరగేసి చూసి అన్నాడు, "వీటిల్లో ఏమీ లేదండీ. మిగిలింది మీరే."