తోక ఆగేదాకా కదలరాదు

మానవ నాగరికత ఎన్నో ఎత్తులు దాటి, కట్టకడపటికి, ఇత్తడి పళ్లేన్ని పుల్లతో కొడితే వచ్చే మోతను పళ్లెమూ పుల్లా లేకుండానే పుట్టించే దశకు చేరుకుంది. ఇకమీదట డ్రమ్ములూ సింబల్సూ కంప్యూటర్లోనే మోగుతాయి. అందుకోసం ముందుగా ఎవరో ఒకరు ఆ పళ్లేన్ని పుల్లతో కొట్టి పెట్టాలి. (నాగరికతలో ఈ చిన్న లోటు ఇంకా మిగిలే ఉంది.)

ఆ ఎవరో ఒకరు, దరువు అని అందరూ పిలిచే మనిషి. అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. బావమరిది నడిపే బ్యాండులో డ్రమ్మరు. కచేరీలు తగ్గి బ్యాండు మూలపడితే, అది మళ్లీ లేచేదాకా ఇల్లు గడవాలని ఆ కంప్యూటరు మోతలు తయారుచేసి అమ్మే కంపెనీలో చేరాడు. "నీ స్టూలు మీద ఇంకొకర్ని కూర్చోబెట్టను బావా," అని బావమరిది మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే దరువు రోజులు నెట్టుకొస్తున్నాడు.

అతని పని సహజత్వ విభాగంలో. గోడలకు పరుపులు అంటించిన గది, మధ్యలో స్టాండు మీద ఆ ఇత్తడి పళ్లెం, అంటే సింబల్, చుట్టూ మైకులు. తలుపు లోపలివైపు నిబంధనలు రాసి ఉన్నాయి. సింబల్‌ను ఒక్కసారే కొట్టవలెను. మోత సన్నగిల్లి పూర్తిగా ఆగేదాకా, అనగా తోక పూర్తయ్యేదాకా, కదలరాదు, ఊపిరి తీయరాదు. దెబ్బలన్నీ ఒకేలా ఉండవలెను.

ఒకేలా ఉండకపోవడమే మొదట్లో వచ్చిన చిక్కు. సహజత్వాధికారి (ఏసీ పెంచుకుని స్వెట్టరు తొడుక్కునే మనిషి) పిలిపించాడు.

"ఈ దెబ్బ కన్నా ఆ దెబ్బ కాస్త హుషారుగా ఉందేమిటయ్యా?"

"మనిషి కొడుతున్నాడు గదండీ. తేడా ఉంటుంది."

"తేడాలు మేం తరవాత కలుపుతాం. దానికి వేరే సెక్షనుంది. ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ వినిపిస్తే కుట్టుమిషనులా ఉంటుందని మాకు తెలీదా?"

"ఆ తేడాలేవో నా చేతిలోనే వస్తున్నాయి గదండీ."

"వస్తున్నాయి. వాటికి అనుమతి లేదు."

ఆ తరవాత మోకాలు కిర్రుమన్నదని ఒక దెబ్బను రద్దు చేశారు. కడుపు గుర్రుమన్నదని ఇంకొకటి.

"ఆకలి సహజమే గదండీ," అన్నాడు దరువు.

"నీకు సహజం. సింబల్‌కి కాదు."

అడగ్గా అడగ్గా అమ్మయినా విసుక్కుంటుంది గానీ అధికారి విసుక్కోలేదు. దరువే దారికొచ్చాడు. కొట్టడం, బిగుసుకోవడం, తోక ఆగాక ఊపిరి వదలడం. చివరికి అతని దెబ్బలు అచ్చుగుద్దినట్టు వచ్చాయి. వెంటనే పక్క సెక్షనువాళ్లు వాటిలో తేడాలు కలిపారు. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టి, దరువును ఆ ఏటి ఆదర్శ సహజుడిగా ప్రకటించారు.

ఇంట్లో గ్లాసు బల్లమీద పెట్టినా ఖంగుమన్న మోత ఆగేదాకా చెయ్యి అలాగే గాల్లో ఉంచేవాడు.

"ఏవండీ, అన్నం చల్లారిపోతోంది. గ్లాసెక్కడికీ పోదు," అనేది భార్య. ఆ మాటకు జవాబు కూడా మోత ఆగాకే వచ్చేది.

అలా ఉండగా బ్యాండుకు పెద్ద హాల్లో కచేరీ కుదిరింది. దరువు తన స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు. చాన్నాళ్లకు గుండె నిండింది. గాయని పాట అందుకుంది. పల్లవి చివర సింబల్ మీద ఘనంగా ఒక్క దెబ్బ వేశాడు.

వేసి, బిగుసుకుపోయాడు.

మిగతావాళ్లు కొంతదూరం పోయి, వెనక ఎవరూ రావడం లేదని తెలిసి, ఒక్కొక్కరే ఆగారు. గాయని వెనక్కి తిరిగి చూసింది. "బావా, కొట్టు," అని బావమరిది పళ్ల మధ్యనుంచి అన్నాడు. దరువుకు వినిపించింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది కూడా. కానీ తోక ఇంకా ఉంది. అది ఆగాక ఊపిరి వదిలి, నిక్షేపంగా రెండో దెబ్బ వేశాడు.

మర్నాడు బావమరిది ఇంటికొచ్చాడు.

"మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నాను బావా. కోప్పడకు. నీ స్టూలు మీద ఇంకొకర్ని కూర్చోబెట్టలేదు. అందులో వాయించేదీ నువ్వే."

"మరి నేనో?"

"నువ్వూ రా. ముందు వరసలో కూర్చో."

తరవాతి కచేరీకి దరువు వెళ్లాడు. వేదిక మీద స్టూలుంది, దానిమీద కంప్యూటరుంది. సింబల్ మోతలు ఒకదాని తోక ఆగకముందే ఇంకొకటి అందుకుంటూ, ఒకటి హుషారుగా, ఒకటి కాస్త బద్ధకంగా, ఒకప్పుడు తన చెయ్యి ఆడినట్టే ఆడాయి. అతనికి ఏడుపొచ్చింది. ఏడిస్తే చప్పుడవుతుందని ఊరుకున్నాడు.

"డ్రమ్మరెవరో గానీ మనిషిలో ప్రాణముంది," అన్నాడు పక్క సీటాయన.

ఆఖరి సింబల్ మోగింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తోక పూర్తికాలేదు గనక దరువు కదల్లేదు. జనం వెళ్లిపోయి, ఊడ్చేవాళ్లు వచ్చి, హాలు పూర్తిగా సద్దుమణిగాక, అతనూ లేచి చప్పట్లు కొట్టాడు.

ఒకటి కొట్టి, నిబంధన ప్రకారం, ఆగాడు.