వియ్యంకుడికి చూపించిన విమానాలు

ఆ ఉదయం బైరేగౌడ రెండు పనులు పెట్టుకున్నాడు. మొదటిసారి ఇంటికొస్తున్న వియ్యంకుడికి మేడమీద నుంచి యుద్ధవిమానాలు చూపించాలి. ఆ తర్వాత రాగిముద్ద, మటన్ పులుసుతో భోజనం పెట్టాలి. ఈ రెండింటికీ పొసగదని ఆయనకు తోచలేదు.

యలహంకలో ఆయన ఇల్లు సరిగ్గా విమానాల దారి కింద ఉంది. ఫిబ్రవరిలో జరిగే విమానాల ప్రదర్శనకు ముందు రోజూ రిహార్సల్స్ జరుగుతాయి. నెత్తిమీద చప్పుడైతే చాలు, వీధిలోవాళ్లు ముందు బైరేగౌడ మేడ వైపు చూస్తారు, ఆ తర్వాతే ఆకాశం. ఆయన బైనాక్యులర్స్ ఎత్తి, తోకలు రెండుంటే సుఖోయ్ అనీ, రెక్కలు త్రికోణంలా ఉంటే తేజస్ అనీ, ఎర్రవి తొమ్మిది బారు తీరి వస్తే సూర్యకిరణ్ అనీ కేక వేస్తాడు. తెలియదనే మాట ఆ మేడమీద నుంచి ఇంతవరకు ఎవరికీ వినపడలేదు.

వియ్యంకుడు చన్నేగౌడది మద్దూరు. పిల్లల పెళ్లి జరిగినన్నాళ్లూ తన కొబ్బరితోట గురించీ, తన ఎద్దుల గురించీ తప్ప మాట్లాడలేదు. బైరేగౌడకు తోట లేదు, ఎద్దులు లేవు. చూపించుకోవడానికి ఆకాశం ఒక్కటే ఉంది.

"అంతా బాగానే ఉంది, మాంసం ఎక్కణ్ణించి తెస్తారు?" అంది భార్య సాకమ్మ. "ప్రదర్శన అయ్యేదాకా కొట్లన్నీ మూయించారుగా. ముక్కల కోసం గద్దలొచ్చి విమానాలకు తగులుతాయని."

"వియ్యంకుడికి మొదటి భోజనం వంకాయకూరతో పెట్టమంటావా? బతికినన్నాళ్లూ చెప్పుకుంటాడు."

"ఏం తింటారో ఒకమాట ఫోన్ చేసి అడగరాదూ?"

"అడిగితే పరువుంటుందా?"

ఆయన స్కూటరు తీసి, ఆ నిషేధం లేని ఊరి దాకా వెళ్లి, రెండు కిలోల మాంసం తెచ్చాడు. వంటింటి తూము పూడిపోవడంతో సాకమ్మ దాన్ని మేడమీద నీళ్లట్యాంకు దగ్గర కడిగింది. మంచి ముక్కలు కిందికి తీసుకెళ్లి పొయ్యెక్కించింది. కొవ్వు, పొరలు బేసిన్‌లో వేసి, పైన పళ్లెం బోర్లించి, ఆనక పూడ్చిపెడదామని అక్కడే ఉంచింది.

ఇంతలో చన్నేగౌడ వచ్చి మేడెక్కాడు. బైనాక్యులర్స్‌కు అడ్డమని బైరేగౌడ కళ్లజోడు తీసేసి ఉన్నాడు. కాఫీ గ్లాసులు పెట్టడానికి ఏదో ఒకటి కావాలని తడిమితే చేతికి పళ్లెం తగిలింది. దాన్ని తీసి పక్కనే వేసి, దానిమీద గ్లాసులు పెట్టాడు. అది దేనిమీద బోర్లించి ఉందో చూడలేదు.

అప్పుడే ఎర్ర విమానాలు తొమ్మిది, గోడలు అదిరేలా దూసుకుపోయాయి.

"సూర్యకిరణ్" అన్నాడు బైరేగౌడ. "ఒకే దారానికి గుచ్చినట్టు ఎలా పోతున్నాయో చూడండి బావగారూ."

చన్నేగౌడ నోరు తెరుచుకుని చూశాడు. కొబ్బరితోట ఊసే ఎత్తలేదు. బైరేగౌడకు కడుపు నిండిపోయింది.

"మరి అవేంటి బావగారూ?" అని చన్నేగౌడ నడినెత్తికి వేలు చూపించాడు.

బైరేగౌడ బైనాక్యులర్స్ పెట్టి చూశాడు. ముదురు రంగువి, రెక్కలు చాచుకుని, పది దాకా గుండ్రంగా తిరుగుతున్నాయి. చప్పుడు లేదు. ఎంత తిప్పినా బొమ్మ స్పష్టంగా రావడం లేదు. తెలియదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వియ్యంకుడి ముఖం చూసి మింగేశాడు.

"అది కొత్త జట్టు. శత్రువుకు వినపడకుండా ఇంజన్లు ఆపేసి తేలుతున్నారు."

"ఒకటి రెక్కలాడించినట్టుంది."

"కొత్త రకం మరి. రెక్కలు మడుచుకుంటాయి."

పక్కమేడవాళ్లు అది విన్నారు. మాట మేడలు దాటింది. నాలుగో ఇంటికి చేరేసరికి అవి రహస్య విమానాలయ్యాయి, వీధి చివర కొట్టు దగ్గర విదేశాలవయ్యాయి. ఫోన్లు పైకి లేచాయి. ఒకాయన ప్రదర్శనవాళ్ల నంబరుకే ఫోన్ చేసి, రెక్కలు మడుచుకునే ఆ విమానాల పేరేమిటని అడిగాడు. అవతల ఫోనెత్తినవాడు పేరు చెప్పలేదు, వాటిని మొదట చూసినవాళ్ల ఇంటి నంబరు అడిగాడు.

"బావగారూ, మీ విమానమొకటి దిగుతోంది" అన్నాడు చన్నేగౌడ.

అది సర్రున దిగి, కాఫీ గ్లాసు తన్నేసి, బేసిన్‌లోంచి ఒక ముక్క పట్టుకుని లేచిపోయింది.

"ఇవి మాంసం కూడా తింటాయా?" అని చన్నేగౌడ ఎంతో శ్రద్ధగా అడిగాడు.

బైరేగౌడ మళ్లీ బైనాక్యులర్స్ ఎత్తుతుండగానే, మెడలో కార్డు వేలాడుతున్న మనిషి రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"కొత్త విమానాల్ని కనిపెట్టింది మీరేనా?"

తన పేరు విమానదళం దాకా పాకిందనుకున్నాడు బైరేగౌడ. "నేనే" అన్నాడు, ఛాతీ విరుచుకుని.

"నేను పక్షుల డ్యూటీ అధికారిని. ఆ బేసిన్‌లో ఏముంది?"

బైరేగౌడ కళ్లజోడు పెట్టుకున్నాడు. ముందు బేసిన్ చూశాడు, తర్వాత ఆకాశం చూశాడు. ఛాతీ మెల్లగా దిగింది.

"ఒక్క గద్ద తగిలితే చాలు, ఇంజను ఆగిపోతుంది. పైన కుర్రాళ్లున్నారండీ" అన్నాడు అధికారి. గట్టిగా కూడా అనలేదు.

బైరేగౌడకు అదే ఎక్కువ తగిలింది. ఆ విమానాలను ఆయన సొంత పిల్లల్లా చూసుకుంటాడు. "మూత తీసింది నేనే. పైనున్నవేంటో నాకు తెలియలేదు" అన్నాడు. పక్కమేడల మీద ఫోన్లు కిందికి దిగాయి. "మా బావగారికి మాంసం పెట్టాలని తెచ్చాను."

చన్నేగౌడ తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నా కోసమా? మా అమ్మాయి పెళ్లి కుదిరితే మానేస్తానని మొక్కుకున్నాను బావగారూ. ఆ ముహూర్తం నుంచి ముట్టలేదు. వియ్యంకుడింట్లో వద్దంటే ఏమనుకుంటారోనని దారి పొడుగునా చెమటలు పట్టాయి."

భోజనానికి పిలవడానికి పైకి వచ్చిన సాకమ్మ అంతా విన్నది. భర్త వైపు చూసింది.

పెరట్లో చన్నేగౌడే పార పట్టి లోతుగా గొయ్యి తవ్వాడు. బేసిన్‌లోదంతా పూడ్చారు. అధికారి జరిమానా రసీదు రాసి చేతికిచ్చాడు.

"ఈయనొక్కడే అంత పులుసు ఎక్కడ తింటాడు? అదీ గోతిలో పోసేస్తాను" అంది సాకమ్మ.

అధికారి వెళ్లబోతున్నవాడు ఆగాడు. వంటింటి వైపు గాలి పీల్చాడు. "అంతా ఎందుకండీ పారబోయడం?" అని గొంతు తగ్గించాడు. "కొట్లు మూయించింది నేనేనమ్మా. అప్పటి నుంచి మా ఇంట్లోనూ పప్పే."

కిటికీలు మూసి మూడు ఆకులు వేశారు. చన్నేగౌడ పప్పుతో ముద్ద తిన్నాడు. పులుసు సంగతి అధికారి చూసుకున్నాడు.

మద్దూరు వెళ్లాక చన్నేగౌడ, తన వియ్యంకుడు ఎంత గొప్పవాడంటే భోజనానికి సర్కారు అధికారి వచ్చి పక్కన కూర్చున్నాడని ఊరంతా చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.