డెబ్బై ఎనిమిది చుట్లు

శనివారం పొద్దున భరద్వాజ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కొత్తగా కొన్న టర్న్‌టేబుల్ మీద పాత రికార్డు ఒకసారి వేసి చూడటం, బాగానే పనిచేస్తోందనుకున్నాక బట్ట కప్పేయటం, ఆపైన కూరగాయలకు వెళ్లటం. మర్నాడు ఉదయం అత్తగారు వెంకటసుబ్బమ్మ రాజమండ్రి నుంచి సూరత్‌లో దిగుతారు. పెళ్లికి ముందెప్పుడో ఆవిడ పాడిన ఒకే ఒక్క రికార్డు అది. ఇంట్లో ఉన్న ప్రతి ఆ ఏడాదే పగిలిపోయింది. తన పాట తానే విని అరవై ఏళ్లు దాటింది. అతని భార్య ఊర్మిళకు పిన్ని అయిన భాగీరథి ట్రంకుపెట్టెలో ఇంకో ప్రతి దొరికితే గుట్టుగా పంపించింది. ఆదివారం పదకొండింటికి నాలుగు తెలుగు కుటుంబాలను పిలిచి, అందరి ముందూ వినిపించాలని భార్యాభర్తల ఏర్పాటు.

భరద్వాజ్ హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో తిరిగే యంత్రాల విభాగానికి మేనేజరు. పంపులు, టర్బైన్లు, కంప్రెసర్లు అతని మాట వినబట్టి ఇరవై రెండేళ్లయింది. అందుకని టర్న్‌టేబుల్‌తో వచ్చిన పుస్తకాన్ని విప్పకుండానే అటక మీదికి విసిరేశాడు.

ముల్లు పెట్టగానే కృష్ణుడి మీద ఏదో పాట మొదలైంది. సన్నగా, చలాకీగా, పరుగెడుతున్నట్టుగా.

"ఇదేంటండీ? అమ్మ గొంతు ఇలా ఉందేంటి?" అంది ఊర్మిళ వంటింట్లోంచి వస్తూ.

వెంకటసుబ్బమ్మ ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఫోన్లో ఆవిడ "హలో" అంటే తెలియనివాళ్లు "చెప్పండి సార్" అంటారు.

"మిషన్ స్పీడుగా తిరుగుతోంది," అని తేల్చాడు భరద్వాజ్, నాడి చూడకుండానే రోగం చెప్పే వైద్యుడిలా.

కారులోంచి ప్లాంటు టాకోమీటరు తెచ్చి చుట్లు కొలిచాడు. నిమిషానికి డెబ్బై ఎనిమిది అని చూపించింది. ఆ రికార్డు తిరగాల్సిందీ డెబ్బై ఎనిమిదే. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. భరద్వాజ్ మీటరును వెనక్కి తిప్పి చూశాడు. దాని తనిఖీ గడువు దాటి పన్నెండు రోజులైంది.

"మీటర్ తప్పు," అన్నాడు.

ఇక మిగిలింది కస్టమర్ కేర్. ఇరవై నిమిషాలు సితార్ సంగీతం విన్నాక, తెలుగు కోసం ఐదు నొక్కాక, ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది.

"నమస్కారం సార్, నా పేరు హిమశ్రీ. మీ మిక్సీలో ఏ గిన్నె వాడుతున్నారు?"

"మిక్సీ కాదమ్మా. టర్న్‌టేబుల్. రికార్డులు పాడేది."

"అర్థమైంది సార్. లోపలికి నీళ్లేమైనా వెళ్లాయా?"

"నీళ్లెందుకు వెళ్తాయి? స్పీడు ఎక్కువైంది!"

"ఒకసారి స్విచ్ ఆపి, రెండు నిమిషాల తర్వాత వేయండి సార్."

మూడుసార్లు ఆపి వేశాక వీడియో పంపమంది. పంపాడు. అరగంటకు ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"చూశాం సార్. మీ మిషన్లో ఏ లోపమూ లేదు. చిన్నపాప చాలా బాగా పాడింది. మీ పాపేనా సార్?"

"ఆవిడ మా అత్తగారు!" అని అరిచాడు భరద్వాజ్. కింది ఫ్లాటులో కుక్క మొరిగింది.

ఫోన్ పెట్టేసి, ప్లాంటులో టర్బైను పేలితే రాసే తరహాలో ఆరు పేజీల నివేదిక రాసి కంపెనీ పైవాళ్లకు మెయిల్ కొట్టాడు. మిషన్ మార్చి తీరాలన్న చివరి వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాడు. తర్వాత లస్మయ్యను పిలిపించాడు.

లస్మయ్యది కరీంనగర్ వైపు. సూరత్‌లోనే ఉధ్నాలో మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచెలు, బాగుచేసే మిస్త్రీ, ఉండేది ఆ పక్కనే గోడాదరాలో. బతుకమ్మ పండగలో మైకు మూగబోతే నిమిషంలో మాట్లాడించిన చెయ్యి అతనిది. వచ్చి, టర్న్‌టేబుల్‌కు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"సారూ, మోటర్ల ఏం ఖరాబ్ లేదు. మా సాంచెలు గిట్ల ఒక్క తీరుగ నడిస్తే సేటు మిఠాయి పంచుతడు."

"నీకు తెలీదు లస్మయ్యా. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను."

"గట్లనే సారూ. ఏం జెయ్యాల్నో మీరే చెప్పుర్రి."

మోటారు అడుగున వేగం సరిచేసే చిన్న స్క్రూ ఉంది. దాని మీద సీలు, సీలు మీద 'చింపితే వారంటీ చెల్లదు' అన్న మాటా ఉన్నాయి. భరద్వాజ్ చింపాడు. కుడివైపు తిప్పమన్నాడు. పాట దోమ పాడినట్టయింది.

"ఎడమకు తిప్పుదునా సారూ?" అన్నాడు లస్మయ్య మర్యాదగా.

ఎంతవరకు తిప్పాలన్నది తర్వాతి సమస్య. ఊర్మిళ రైల్లో ఉన్న తల్లికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది.

"అమ్మా, ఎందుకని అడక్కుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడనే? ఎక్కాలు చెప్పనా?"

ఆవిడ గంభీరంగా పందొమ్మిదో ఎక్కం అందుకున్నారు. ఒక పక్క ఎక్కం, ఒక పక్క పాట, మధ్యలో లస్మయ్య చేతిలో స్క్రూడ్రైవరు. పందొమ్మిది తొమ్మిదుల నూట డెబ్బై ఒకటి దగ్గర రెండు గొంతులూ కలిశాయి. భరద్వాజ్ విజయగర్వంతో లస్మయ్య వీపు తట్టి, మర్నాటి విందుకు రమ్మన్నాడు.

ఆదివారం అతిథులు సూరత్ వాళ్ల శనగపిండి వంటకం లోచో వేడి వేడిగా తింటూ కూర్చున్నారు. వెంకటసుబ్బమ్మను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరి పాటో చెప్పకుండా భరద్వాజ్ ముల్లు పెట్టాడు. గదంతా బరువైన గొంతు నిండింది, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ.

"పాతకాలం నాటకాల్లో పాడేవారాండీ ఈ పెద్దాయన?" అన్నారు అతిథుల్లో ఒకరైన ఆదిశేషయ్యగారు భక్తిగా.

"ఎవరో గాని జలుబు చేసినట్టుంది పాపం," అన్నారు వెంకటసుబ్బమ్మ.

"అమ్మా, అది నువ్వే," అంది ఊర్మిళ.

"నేనా! ఆ రికార్డు ఇచ్చేనాటికి నాకు పదకొండేళ్లే!"

పెళ్లికి ముందు అంటే ఎంత ముందు అని అడగాలని ఇరవై రెండేళ్ల అనుభవానికి తోచలేదు. లస్మయ్య జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

పది నిమిషాల తర్వాత భరద్వాజ్ మళ్లీ ముల్లు పెట్టాడు. సన్నగా, చలాకీగా, పదకొండేళ్ల పిల్ల పాట అందుకుంది. వెంకటసుబ్బమ్మ పెదవులు పాటతో పాటే కదిలాయి. పక్కనున్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మూడు నిమిషాలే ఇచ్చారు," అన్నారు పాట అయ్యాక. "రికార్డింగ్ గది అద్దం అవతల మా నాన్నగారు నిలబడి, త్వరగా కానీమని చేతులూపుతున్నారు. నాకేమో నవ్వు. ఆ నవ్వు ఆపుకుంటూ పాడాను. వినిపించిందా?"

"వినిపించింది అత్తయ్యగారూ," అన్నాడు భరద్వాజ్, తల ఎత్తకుండా.

"ఇంకోసారి వెయ్యి నాయనా."

సాయంత్రంలోగా ఐదుసార్లు వేశాడు.

సోమవారం కంపెనీ నుంచి సందేశం వచ్చింది: మీ నివేదికను అంగీకరించాం, రేపు మిషన్ మారుస్తాం. భరద్వాజ్ వెంటనే ఫోన్ అందుకున్నాడు. మళ్లీ సితార్, మళ్లీ ఐదు.

"హిమశ్రీ మాట్లాడుతున్నాను సార్. పాప ఎలా ఉంది?"

"పాప బాగుందమ్మా. మొన్ననే డెబ్బై రెండు నిండాయి. చూడమ్మా, నా మిషన్ బంగారంలా ఉంది. మార్చొద్దు."

"అప్రూవ్ అయ్యాక క్యాన్సిల్ చెయ్యటానికి మాకు ఆప్షన్ లేదు సార్."

"సీలు నేనే చింపాను! వారంటీ చెల్లదు కదా?"

"పర్వాలేదు సార్. మీ సంతృప్తే మాకు ముఖ్యం."

మంగళవారం ఇద్దరు మనుషులొచ్చి, చిరిగిన సీలు వంక చూడనైనా చూడకుండా పాతది పట్టుకుపోయి కొత్తది పెట్టారు. కొత్తది నిజంగానే వేగంగా తిరుగుతుంది. అత్తగారు ఇప్పుడు ఏడేళ్ల పిల్లలా పాడుతున్నారు. ఆ సంగతి గురించి భరద్వాజ్ ఇంతవరకు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.